పక్కన పడుకున్నవాళ్లకే తెలిసే జబ్బు

తల దిండు మీద పెట్టగానే గుర్రు పెట్టే మనిషిని చూస్తే, నిద్ర పట్టక దొర్లేవాళ్లకు కాస్త అసూయ కలుగుతుంది. ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు, అదృష్టవంతుడు అనుకుంటారు. కానీ ఆ గురకను కాసేపు శ్రద్ధగా వింటే కొందరిలో ఒక తేడా తెలుస్తుంది. శబ్దం అంతకంతకూ పెరిగి ఉన్నట్టుండి ఆగిపోతుంది. గది నిశ్శబ్దమైపోతుంది. ఛాతీ, పొట్ట మాత్రం గింజుకుంటున్నట్టు కదులుతూనే ఉంటాయి. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా అంతే. తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు పెద్ద శబ్దం, ఒంట్లో ఒక కుదుపు, మళ్లీ గురక మొదలు. భయపడాల్సింది ఆ మధ్యలో వచ్చే నిశ్శబ్దానికి.

నిద్రలో ఇలా పదేపదే ఊపిరి ఆగిపోవడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. దీంతో ఒక పెద్ద చిక్కుంది. జబ్బు తన పని తాను చేస్తున్నంతసేపూ మనిషి నిద్రలో ఉంటాడు. రాత్రి రెండొందలసార్లు ఊపిరి ఆగినా, పొద్దున్నే అడిగితే ‘బాగానే పడుకున్నాను’ అంటాడు. అబద్ధమాడడం లేదు, నిజంగానే తెలియదు. ఒంట్లో ఏ తేడా వచ్చినా ముందు తెలిసేది మనకేనన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. చూసినవాళ్లు చెప్పాలి, చెప్తే నమ్మాలి. చెప్పేవాళ్లు నవ్వుతూ చెప్పడం, వినేవాళ్లు ఎగతాళి అనుకుని కొట్టిపారేయడం వల్లే చాలా ఇళ్లలో ఏళ్లు గడిచిపోతున్నాయి.

ఇదేదో అరుదైన జబ్బు కాదు. 2019లో లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లలో సుమారు 93 కోట్ల 60 లక్షల మందికి ఏదో ఒక స్థాయిలో ఈ సమస్య ఉంది. అందులో దాదాపు 42 కోట్ల 50 లక్షల మందికి అది మధ్యస్థం నుంచి తీవ్రమైన స్థాయిలో ఉంది. వీళ్లలో ఎక్కువమందికి తమకు ఈ జబ్బు ఉన్నట్టే తెలియదు.

గొంతులో ఏం జరుగుతుంది

ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలిగొట్టానికి మృదులాస్థితో చేసిన కట్లు ఉంటాయి, అందుకే అది నొక్కుకుపోదు. దానికి పైన, ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతు భాగానికి అలాంటి చట్రం లేదు. మింగడానికీ మాట్లాడడానికీ అది మెత్తగా వంగాలి కాబట్టి అలా ఉండక తప్పదు. మెలకువగా ఉన్నంతసేపూ చుట్టూ ఉన్న కండరాలు దాన్ని తెరిచి పట్టుకుంటాయి. నిద్రలో ఆ పట్టు సడలుతుంది. నాలుక వెనక్కి జారుతుంది, మెత్తటి అంగిలి కిందికి వాలుతుంది, దారి ఇరుకవుతుంది. ఇరుకు సందులోంచి గాలి పోతుంటే అంగిలి, కొండనాలుక అదురుతాయి. గురక అదే. దారి మరీ ఇరుకైతే, మెత్తటి స్ట్రాను గట్టిగా పీల్చినప్పుడు గోడలు అతుక్కుపోయినట్టు గొంతు మూసుకుపోతుంది.

ఛాతీ గాలి కోసం ప్రయత్నిస్తూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. చివరికి మెదడు కొన్ని సెకన్లపాటు సగం మేలుకుని గొంతు కండరాలను బిగిస్తుంది, దారి తెరుచుకుంటుంది. ఆ మెలకువ ఎంత చిన్నదంటే పొద్దున్నకు గుర్తుండదు. కానీ ప్రతిసారీ అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, గుండె వేగం పెరుగుతుంది, బీపీ పైకి లేస్తుంది. గంటకు ముప్పైసార్లు ఇలా జరిగిందంటే రెండు నిమిషాలకోసారి ఎవరో తట్టి లేపినట్టే. ఏడు గంటలు మంచం మీద ఉన్నా శరీరానికి దక్కేది ముక్కలు ముక్కలైన నిద్ర. వెల్లకిలా పడుకున్నప్పుడు, కలలు వచ్చే దశలో ఇది మరింత ముదురుతుంది. ఆ దశలో కండరాలు బాగా సడలుతాయి, పైగా అది తెల్లవారుజామున ఎక్కువగా వస్తుంది. అర్ధరాత్రి దాకా చూసి ‘ఏమీ లేదులే’ అని పడుకున్న కుటుంబసభ్యులు అసలు సమయంలో చూడకపోయి ఉండవచ్చు.

లావుగా ఉన్నవాళ్లకు మెడ చుట్టూ, నాలుకలో కూడా కొవ్వు చేరుతుంది కాబట్టి వాళ్లకు రిస్క్ ఎక్కువ. అయితే లావు ఉంటేనే ఈ జబ్బు వస్తుందనుకోవడం పెద్ద పొరపాటు, చాలామందిలో రోగనిర్ధారణ ఆలస్యమయ్యేది ఇక్కడే. కింది దవడ చిన్నదిగానో వెనక్కి జరిగినట్టుగానో ఉంటే సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. పెద్ద టాన్సిల్స్, ఎప్పుడూ మూసుకుపోయే ముక్కు, థైరాయిడ్ మందగించడం, కుటుంబంలో ఈ జబ్బు ఉండడం, పెరిగే వయసు ఇవన్నీ కారణాల్లో చేరతాయి. మద్యం, నిద్రమాత్రలు ఆ రాత్రికి గొంతు కండరాలను ఇంకాస్త సడలిస్తాయి.

గొంతు తెరిచే ఉన్నా, ఊపిరి తీసుకోమనే ఆదేశం మెదడు నుంచి రాకపోవడం ఇంకో రకం. దీన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. గుండె బలహీనపడినవాళ్లలో, మార్ఫిన్ జాతి నొప్పి మందులు వాడేవాళ్లలో ఇది కనిపిస్తుంది. చికిత్స దారి వేరు కాబట్టి పరీక్షలో ఈ తేడా తేలాలి.

పగటి వేళ బయటపడే గుర్తులు

రాత్రి సాక్షి దొరకనివాళ్లకు పగలే ఆధారం. కాకపోతే పగటి లక్షణాలు ఒక్కొక్కటీ వేరే జబ్బు వేషంలో వస్తాయి. పొద్దున లేవగానే తల బరువుగా నొప్పిగా ఉంటే కళ్లద్దాలు మార్చాలనుకుంటారు. మతిమరుపును వయసు మీద, చిరాకును ఆఫీసు టెన్షన్ మీద వేస్తారు. నోరు ఎండిపోతే నీళ్లు తక్కువ తాగామనుకుంటారు. శృంగారం మీద ఆసక్తి తగ్గితే ఎవరికీ చెప్పరు. ఇవన్నీ ఒకే చోటి నుంచి వస్తున్నాయని ఎవరికీ తట్టదు. ఒక్కో ఫిర్యాదూ ఒక్కో డాక్టరు దగ్గరికి వెళ్తుంది.

రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడాన్నే తీసుకుందాం. ప్రోస్టేట్ అనో షుగర్ అనో అనుకుంటారు, ఆ అవకాశాలూ ఉన్నాయి. కానీ మూసుకుపోయిన గొంతుకు ఎదురుగా ఛాతీ గాలి పీల్చబోయినప్పుడు లోపలి ఒత్తిడి బాగా పడిపోయి గుండెలోకి ఎక్కువ రక్తం వస్తుంది, గుండె పైగదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడుతుంది. ఉప్పునూ నీటినీ బయటికి పంపమని కిడ్నీలకు చెప్పే హార్మోన్‌ను వదులుతుంది. మూత్రం ఊరుతుంది. ఆ మనిషి మాత్రం మూత్రం వచ్చి మెలకువ అయిందనుకుంటాడు. చాలాసార్లు ముందు ఊపిరి ఆగి మెలకువ వస్తుంది, ఆ తర్వాతే మూత్రం సంగతి తెలుస్తుంది. ఆప్నియాకు చికిత్స మొదలయ్యాక రాత్రి లేవడం తగ్గిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు.

నిద్రమత్తు విషయంలోనూ మాటల దగ్గరే తేడా వస్తుంది. ‘పగలు నిద్ర వస్తోందా’ అంటే లేదంటారు, ‘అలసటగా ఉంటుందా’ అంటే అవునంటారు. కొందరు ఏళ్లుగా ఈ మత్తుకు అలవాటుపడి, ఇదే మామూలు అనుకుంటారు. అందుకే నేరుగా అడగకుండా సందర్భాలు చెప్పి అడిగే ఎప్‌వర్త్ స్కేల్ పనికొస్తుంది. ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ దీన్ని 1991లో ప్రచురించాడు. చదువుతూ కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, బండి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత? ఇలాంటి ఎనిమిది సందర్భాలకు 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 10 దాటితే పగటి నిద్రమత్తు ఎక్కువగా ఉన్నట్టు.

రిస్క్ అంచనాకు 2008లో టొరంటోలో ఫ్రాన్సెస్ చంగ్ బృందం తయారుచేసిన స్టాప్-బ్యాంగ్ ప్రశ్నలు ఇంకా తేలిక. పెద్దగా గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడడం, బీపీ, 35 దాటిన బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క), 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత, పురుషుడు కావడం. ఒక్కోదానికి ఒక్కో మార్కు. మూడు వస్తే డాక్టరుతో మాట్లాడాలి, అయిదు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆలస్యం చేయకూడదు. అయితే తక్కువ మార్కులు వచ్చాయని జబ్బు లేదని తీర్మానించుకోకూడదు. ముఖ్యంగా ఆడవాళ్లు. ఈ ప్రశ్నల్లోని మూస మనిషి నడివయసు మగవాడు. ఆడవాళ్లలో చాలామందికి గోడలు అదిరే గురక ఉండదు. నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే నీరసం, దిగులు, తలనొప్పి ఇలా కనిపిస్తుంది. నిద్రమాత్రో డిప్రెషన్ మాత్రో రాయించుకుని ఇంటికొస్తారు. నెలసరి ఆగిపోయాక ఈ జబ్బు రిస్క్ బాగా పెరుగుతుంది. ఆ వయసులో కొత్తగా మొదలైన గురకను, తెగని అలసటను ‘ఈ వయసులో ఇంతే’ అని వదిలేయకూడదు. గర్భంతో ఉన్నప్పుడు మొదలైన గురకకు బీపీ పెరగడంతో సంబంధం ఉంది కాబట్టి అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన మాటే.

పిల్లల్లో కథ ఇంకా తిరగబడుతుంది. నిద్ర చాలని పెద్దవాళ్లు తూగుతారు, పిల్లలు చాలాసార్లు కుదురు లేకుండా గంతులేస్తారు. నోరు తెరుచుకుని పడుకోవడం, మెడ వెనక్కి విరుచుకుని పడుకోవడం, చెమటలు, పక్క తడపడం మళ్లీ మొదలవడం, చదువులో ధ్యాస నిలవకపోవడం కనిపిస్తే గురక ఉందేమో గమనించాలి. పిల్లల్లో ప్రధాన కారణం టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరగడం. వాటిని తీయిస్తే ఎక్కువమందికి బాగా తగ్గుతుంది. అల్లరి పిల్లాడన్న ముద్ర వేసేముందు ఒక రాత్రి అతని నిద్ర చూడడం న్యాయం.

మూడు రకాల మందులు వేసుకున్నా దిగిరాని బీపీ, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పక్షవాతం వచ్చినవాళ్లు, టైప్ 2 షుగర్‌తో పాటు లావు ఉన్నవాళ్లు, వీళ్లకు గురక ఉందా అని ఇంట్లోవాళ్లే గుర్తుచేసి అడిగించాలి. ఇక డ్రైవింగ్. ఈ జబ్బున్నవాళ్లకు రోడ్డు ప్రమాదాల రిస్క్ మిగతావాళ్లకంటే సుమారు రెండు రెట్లు ఉంటుందని అధ్యయనాలు చూపించాయి. స్టీరింగ్ ముందు ఒక్కసారైనా కునుకు పట్టిందంటే, చికిత్స మొదలై మత్తు తగ్గేదాకా బండి నడపకూడదు. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు, ఎందుకంటే ఎదుటి బండిలో ఉన్నవాళ్లకు ఈ జబ్బుతో ఏ సంబంధమూ లేదు.

డాక్టరు దగ్గరికి

వెళ్లేముందు రెండు పనులు చేస్తే సగం దారి నడిచినట్టే. ఒకటి, నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ, ముఖం కనిపించేలా ఫోన్‌లో కొన్ని నిమిషాల వీడియో తీయడం. ‘నేను గురక పెట్టను’ అనే మనిషిని ఒప్పించడానికి కూడా అంతకంటే మంచి సాధనం లేదు. ఒంటరిగా ఉండేవాళ్లు పక్కన ఫోన్ పెట్టి రాత్రంతా శబ్దం రికార్డు చేసుకోవచ్చు. రెండోది, చూసిన మనిషిని వెంట తీసుకెళ్లడం. ముందు ఫ్యామిలీ డాక్టరుకు చెప్పినా, ఊపిరితిత్తుల డాక్టరుకో ఈఎన్‌టీ డాక్టరుకో చెప్పినా ఫర్వాలేదు. నిద్ర జబ్బుల మీద శిక్షణ ఉన్నవాళ్లు దొరికితే ఇంకా మంచిది. 2024 నుంచి కొన్ని స్మార్ట్‌వాచీలకు ఆప్నియా అనుమానాన్ని హెచ్చరించడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఉంది. అది హెచ్చరిక వరకే. వాచీ ఏమీ చెప్పలేదని గుర్తులన్నీ ఉన్న మనిషి పరీక్ష మానుకోకూడదు.

నిర్ధారణ నిద్ర పరీక్షతోనే జరుగుతుంది. స్లీప్ ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకోబెట్టి మెదడు తరంగాలు, కంటి కదలికలు, గాలి రాకపోకలు, ఛాతీ పొట్ట కదలికలు, ఆక్సిజన్, గుండె లయ అన్నీ నమోదు చేస్తారు. ఇన్ని వైర్లతో నిద్రెలా పడుతుందన్న భయం అందరికీ ఉంటుంది. ఇంట్లోలా పట్టకపోయినా, జబ్బును పట్టుకోవడానికి సరిపడా నిద్ర సాధారణంగా పడుతుంది. ఇంట్లోనే చేసుకునే చిన్న పరీక్ష కూడా ఉంది. దానిలో సాధారణంగా మెదడు తరంగాలు ఉండవు కాబట్టి ఎంతసేపు నిజంగా నిద్రపోయారో దానికి తెలియదు. మేలుకుని ఉన్న సమయాన్నీ కలిపి లెక్కగట్టడంతో జబ్బు తీవ్రత తక్కువగా కనిపించవచ్చు. అందుకే లక్షణాలు గట్టిగా ఉండి ఇంటి పరీక్ష నార్మల్ వస్తే ల్యాబ్ పరీక్ష అడగాలి.

రిపోర్టులో అందరూ ముందు వెతికేది ఏహెచ్ఐ అన్న అంకె. కనీసం 10 సెకన్లపాటు ఊపిరి ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు ఎన్నిసార్లో చెప్పే లెక్క అది. పెద్దవాళ్లలో 5 కంటే తక్కువ మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 నుంచి తీవ్రం. పిల్లలకు ఈ కొలత వర్తించదు, వాళ్లలో గంటకు ఒకటి దాటినా పట్టించుకుంటారు. ఈ ఒక్క అంకె దగ్గరే ఆగిపోకుండా ఆక్సిజన్ ఎంత దాకా పడింది, 90 శాతం కంటే కింద ఎంతసేపు ఉంది అని కూడా అడగడం మంచిది. ఒకే ఏహెచ్ఐ ఉన్న ఇద్దరిలో ఒకరి ఆక్సిజన్ నిలకడగా, ఇంకొకరిది పాతాళంలో ఉండవచ్చు.

చికిత్స, దాన్ని నిలబెట్టుకోవడం

ఒకప్పుడు తీవ్రమైన ఆప్నియాకు గొంతు ముందు భాగంలో రంధ్రం చేయడమే దారి. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ తన సహచరులతో కలిసి వేరే మార్గం చూపించాడు. ముక్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపుతూ ఉంటే, ఆ గాలే గొంతు గోడలు అతుక్కుపోకుండా లోపలి నుంచి ఆపుతుంది. సీప్యాప్ అంటే ఇదే. ఇది ఆక్సిజన్ యంత్రం కాదు, గదిలో ఉన్న గాలినే పంపుతుంది. ఒట్టి ఆక్సిజన్ పెట్టుకుంటే మూసుకున్న గొంతు తెరుచుకోదు.

మధ్యస్థం, తీవ్రం ఉన్నవాళ్లకు ఇప్పటికీ మొదటి చికిత్స ఇదే, సరిగ్గా పెట్టుకున్న రాత్రే పనిచేస్తుంది. చిక్కంతా ఆ ‘సరిగ్గా పెట్టుకోవడం’లో ఉంది. చాలామంది మొదటి వారంలోనే పక్కన పడేస్తారు. ముఖానికి ఏదో తగిలించుకుని పడుకోవడమా అన్న బెరుకు సహజం. కానీ మానేయడానికి చెప్పే కారణాల్లో చాలావాటికి మందు ఉంది. గాలి కళ్లలోకి కొడుతుంటే మాస్క్ సైజు తప్పు, మార్పించుకోవాలి. ముక్కు ఎండిపోతుంటే గాలిని తేమగా, వెచ్చగా చేసే హ్యుమిడిఫయర్ వాడాలి. నోరు తెరిచి పడుకునేవాళ్లకు నోరూ ముక్కూ కప్పే మాస్క్ ఉంది, ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకు నాసికా రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్క్ ఉంది. ముందు కొన్ని రోజులు పగలు మేలుకుని టీవీ చూస్తూ పెట్టుకుంటే బెదురు తగ్గుతుంది. యంత్రం అమ్మినవాళ్లు డెలివరీతో చేతులు దులుపుకుంటే, మొదటి నెలలో ఈ సర్దుబాట్లు చేసే మనిషి దొరకకపోతే, ఎంత ఖరీదైన యంత్రమైనా అటక ఎక్కుతుంది. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఎన్ని గంటలు పెట్టుకోవాలి? పడుకున్నంతసేపూ. తెల్లవారుజామున తీసేస్తే, జబ్బు ముదిరే వేళకు రక్షణ పోయినట్టే. 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో గుండెజబ్బో పక్షవాతమో ఉన్న 2,717 మందిని పరిశీలించారు. సీప్యాప్ ఇచ్చినవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పగటి మత్తు, మనసు, రోజువారీ జీవితం మాత్రం మెరుగయ్యాయి. వాళ్లు యంత్రం వాడింది సగటున రాత్రికి 3.3 గంటలే. ఎక్కువ గంటలు వాడితే గుండెకు ఎంత రక్షణ దొరుకుతుందన్న చర్చ ఇంకా నడుస్తోంది. కాబట్టి సీప్యాప్‌ను గుండెజబ్బుకు కవచంగా చెప్పడం అతి అవుతుంది. బీపీ కొంత తగ్గుతుంది, మందులు మానేసేంత కాదు. పొద్దున్నే తేటగా లేవడం మాత్రం చాలామందికి నిజంగా దక్కుతుంది.

సీప్యాప్ పడనివాళ్లకు, స్వల్పంగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్లకు కింది దవడను ముందుకు జరిపి ఉంచే పళ్ల పరికరం ఉంది. శిక్షణ ఉన్న దంతవైద్యుడు అచ్చు తీసి చేయాలి. వెల్లకిలా పడుకున్నప్పుడే వచ్చేవాళ్లకు పక్కకు తిరిగి పడుకోవడమే సగం చికిత్స. ఆపరేషన్లు గొంతులో ఎక్కడ మూసుకుంటుందో చూసి ఎంచుకోవాల్సినవి, అందరికీ ఒకటే సరిపోదు. నాలుకను కదిలించే నరానికి నిద్రలో సన్నగా కరెంటు పంపే పరికరానికి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఎంపిక చేసిన కొందరికే. ముక్కు మీద అంటించే పట్టీలు, గురక తగ్గిస్తామనే స్ప్రేలు ఆప్నియాకు చికిత్స కావు. గురక శబ్దం తగ్గి ఊపిరి ఆగడం అలాగే ఉంటే అది మరింత ప్రమాదం, సాక్షి నోరు కట్టేసినట్టే.

బరువు సంగతికొస్తే, అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి కొందరిని గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో 10 శాతం బరువు తగ్గితే ఏహెచ్ఐ సుమారు 26 శాతం తగ్గడానికి, అంతే పెరిగితే 32 శాతం పెరగడానికి సంబంధం కనిపించింది. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దవాళ్లకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది, ఈ జబ్బుకు నేరుగా అనుమతి పొందిన మొదటి మందు అది. బరువు తగ్గేదాకా ఆగి చికిత్స మొదలుపెడదామనుకోవడం మాత్రం తప్పు. నిద్ర చాలని ఒంట్లో ఆకలి పెరుగుతుంది, నడవడానికి ఓపిక ఉండదు. ముందు నిద్ర సరిచేస్తే బరువు తగ్గించే ప్రయత్నానికి శక్తి వస్తుంది.

ఏ ఆపరేషన్‌కు వెళ్తున్నా, మత్తు ఇచ్చే డాక్టరుకు ఆప్నియా ఉందని ముందే చెప్పాలి, సీప్యాప్ ఉంటే ఆస్పత్రికి వెంట తీసుకెళ్లాలి. మత్తుమందులు, నొప్పిమందులు గొంతు కండరాలను సడలించడమే దీనికి కారణం.

బరువులో పెద్ద మార్పు వచ్చినా, పళ్ల పరికరం పెట్టించుకున్నా, ఆపరేషన్ అయినా మళ్లీ నిద్ర పరీక్ష చేయించుకోవాలి. సీప్యాప్ వాడేవాళ్ల యంత్రంలోనే గాలి ఎంత కారిపోతోంది, గంటకు ఇంకా ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోంది అన్న లెక్కలు నమోదవుతాయి, వాటిని ప్రతిసారీ డాక్టరుకు చూపించాలి. మాస్క్ పెట్టుకున్నాక కూడా గురక వినిపిస్తోందంటే గాలి కారుతుండవచ్చు, లేదా ప్రెషర్ చాలకపోవచ్చు. ఆ సంగతీ పడుకున్న మనిషికి తెలియదు, పక్కనున్నవాళ్లే చెప్పాలి.